తడి మడి కార్డు

మక్క గింజలు పంచే పని యశోదది. ప్రతి సోమవారం పొద్దున, కింది ఎరువుల గోదాములోంచి తెచ్చిన డబ్బా మూత తీసి, తలా అయిదు గింజలు అరచేతిలో పోయాలి. సారుకు పది. హైదరాబాదు కంపెనీల్లో దీనికి రంగురంగుల స్టిక్కర్లు వాడతారని రత్నాకర్ చెప్పాడు. మెదక్‌లో అవి దొరకలేదు. దొరికినవి ఫ్యాను గాలికి ఎగిరిపోయాయి. మక్క గింజ ఎగరదు, పెట్టినచోట పెట్టినట్టే పడి ఉంటుంది.

బల్ల మీద కార్డులు పరిచి ఉన్నాయి. ‘కోతబండి’ యాప్‌లో చేయాల్సిన పనులు, ఒక్కో కార్డుకు ఒక్కటి. రైతు ఇంట్లో కూర్చుని వరికోత మిషన్ బుక్ చేసుకునే యాప్ అది. మిషన్లు మదన్ మోహన్ సారువి, ఆఫీసు సారుది, కింది గోదామూ సారుదే. చేసేవాళ్ళు అయిదుగురు, చేయాల్సినవి యాభై. అందుకని ఎవరికి ఏది ముఖ్యమనిపిస్తే ఆ కార్డు మీద గింజలు పెట్టాలి. గింజలు ఎక్కువ పడ్డది ‘మస్ట్’ గడిలోకి పోతుంది, ఆ వారంలోనే తయారవుతుంది. ఆ తర్వాత ‘షుడ్’, దాని తర్వాత ‘కుడ్’. ఏమీ పడనిది ‘వోంట్’. బల్ల చివర సుద్దతో గీసిన నాలుగో గడి.

“ఈ బల్ల కాడ సారు లేడు, చిన్నోడు లేడు. ఎవరి గింజ వాళ్ళది. పక్కా డెమోక్రసీ” అన్నాడు రత్నాకర్. ప్రాజెక్టు నడిపేది అతనే. ఆ మాట అన్న నోటితోనే సారు వైపు తిరిగి, “ముందుగాల మీరు పెట్టుండ్రి సార్” అన్నాడు.

పంక్తిలో పెద్దమనిషి ముద్ద ఎత్తందే ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు కదా, ఇదీ అంతే. మదన్ మోహన్ సారు కళ్ళజోడు సవరించుకుని కార్డులన్నీ చదివినట్టు చూసి, పదికి పది గింజలూ ఒకే కార్డు మీద కుప్ప పోశాడు. ‘హర్షిత్ బాబు పుట్టినరోజు బ్యానర్ - యాప్ తెరవంగనే’. హర్షిత్ సారు కొడుకు. వచ్చే ఎలక్షన్లలో నిలబెడతారని టౌనంతా అనుకుంటున్నదే.

ఇంక మిగిలిన గింజలు తల్లికోడి వెనుక పిల్లల్లా ఆ కుప్ప దగ్గరికే నడిచాయి. తన కార్డు మీద తను గింజ పెట్టుకోవద్దని రూలు. బ్యానర్ కార్డు రాసింది రత్నాకర్ కాబట్టి సారు పెట్టుకోవచ్చు. యశోద కార్డు రాసింది యశోదే కాబట్టి యశోద పెట్టకూడదు.

“మళ్ళ గదేనా యశోదా?” సారు ఆమె కార్డును గోటితో ముందుకు జరిపాడు.

“అవును సార్. మడి తడిగుంటే టైర్ మిషన్ దిగబడ్తది సార్. చైన్ మిషన్ అయితేనే కోస్తది. మన యాప్ గది అడుగుతనే లేదు. టైర్ మిషన్ పోతుంది, బురద చూస్తుంది, ఎనుకకు తిరుగుతుంది. మడి తడా పొడా అని ఒక్క ముక్క అడిగితే...”

“గసొంటోళ్ళు ఎంతమంది?”

రత్నాకర్ ల్యాప్‌టాప్‌లో చూశాడు. “నూటికి నలుగురు సార్. అందరు ఎకరం, ఎకరంనరోళ్ళే.”

“నలుగురి కోసం తొంభై ఆరు మందిని ఆపాల్నా?” సారు నవ్వాడు. మంచి నవ్వే. యశోదకు కూడా నవ్వక తప్పలేదు.

కావ్య చేతిలో ఇంకొక గింజ మిగిలింది. యాప్ రాసే పిల్ల, రామాయంపేట నుంచి రోజూ బస్సుకు వస్తుంది. ఫోన్లు ఎత్తే యశోద పక్క కుర్చీలోనే కూర్చుంటుంది కనుక రైతుల తిట్లు సగం తనూ వింటుంది. ఆ గింజను రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ యశోద కార్డు దాకా తెచ్చింది. సారు ఊరికే ఆ చేతివైపు చూశాడు. గింజ గాల్లోనే మలుపు తిరిగి కుప్ప మీద పడి, జారి, కింద దొర్లింది. యశోదే వంగి తీసి దాన్ని కుప్పలో వేసింది.

“వోంట్ అంటే వద్దని గాదక్కా, ఇప్పుడు వద్దని” అన్నాడు రత్నాకర్ కార్డును నాలుగో గడిలోకి నెడుతూ. ఓదార్పుగానే అన్నాడు. ఎనిమిదోసారి అన్నాడు.

*

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకే ఫోన్లు వేడెక్కాయి. యాసంగి కోతలు. చెవికి తగిలించుకున్న మైకు, ఎదురుగా తెర, తెర మీద పేర్ల వరస. వరస ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, చీమల బారులాగ.

“వందనాలు బిడ్డా. నేను జ్ఞానమ్మను. కుల్చారం అవతల, కాలువ కింద మడి.”

“చెప్పు అవ్వా.”

“నేను మిషన్ వద్దన్ననని మీ కాడికెళ్ళి ఫోన్ల మెసేజ్ వచ్చిందట. మా పక్కింటాయన చదివి చెప్పిండు. నేనెందుకు వద్దంట బిడ్డా? పొద్దుగాల్లనే పోయి గెట్టు మీద కూసున్న. మిషనాయన వచ్చిండు. దిగి కాలుతోని తొక్కి చూసిండు. చీలమండ దాక దిగింది. ‘అవ్వా, దిగబడ్తది’ అన్నడు, తిప్పుకొని పోయిండు.”

యశోదకు ఇది చెప్పకముందే తెలుసు. పని కాకుండా మరలిన డ్రైవరు ఏదో ఒక కారణం నొక్కాలి. యాప్‌లో ఉన్నవి మూడే: రైతు వద్దన్నరు, తొవ్వ దొరకలేదు, మిషన్ ఖరాబు. బురద అని లేదు. తొవ్వ దొరకలేదంటే డ్రైవరుకు మాట పడుతుంది, ఖరాబంటే మెకానిక్ వస్తాడు. అందుకని అందరూ రైతు వద్దన్నరనే నొక్కుతారు. అది నొక్కగానే రైతు పేరు వరస చివరికి పడిపోతుంది.

“ఎన్నోసారి అవ్వా?”

“రెండోసారి. పోయిన బేస్తారం గిట్లనే పోయింది. బిడ్డా, వరి మాగిపోయింది. చెయ్యి తాకితే రాలుతుంది. పిట్ట వాలితే రాలుతుంది. కొడవలి పట్టుకుందమంటే నా ఒక్కదానితోని ఏమైతది? కూలోళ్ళను అడిగితే మిషన్ ఉండంగ మేమెందుకు అంటుండ్రు. చెడగొట్టు వాన పడ్తదని టీవీల చెప్పుడు వెట్టిండ్రు.”

తెర మీద జ్ఞానమ్మ పేరు కోసం యశోద కిందికి జరిపింది, జరిపింది. నూట నలభై రెండు. ఆ నంబరు నోట్లోకి వచ్చింది కానీ బయటికి రాలేదు. “నేను చూస్త అవ్వా. ఫోన్ దగ్గర పెట్టుకో” అంది.

కుర్చీలోంచి లేచి మెట్ల దగ్గరికి పోయి, సొంత ఫోన్లోంచి ఎల్లానికి చేసింది. సారుకు చైన్ మిషన్లు రెండే. ఒకటి చైను తెగి తూప్రాన్‌లో మెకానిక్ దగ్గర పడుంది. రెండోది నడిపేది ఎల్లం.

“ఏం అక్కా, ఆఫీసు ఫోన్ ఇడిశి సొంత ఫోన్ల చేస్తున్నవ్? పెండ్లి సంబంధమా ఏంది?”

“నీ మొఖానికి రెండో పెండ్లి ఒక్కటి తక్కువ. యాడున్నవ్ తమ్మీ?”

“టేక్మాల్ల. బేస్తారం పొద్దటికి ఈడి పని ఒడుస్తది.”

“ఒడువంగనే కుల్చారం అవతలికి పోవాలె. కాలువ కింద ఎకరంనర మడి. జ్ఞానమ్మ అని.”

“యాప్‌ల రాలేగదా?”

“యాప్‌ల రాదు. నోటిమాట.”

ఎల్లం కిలకిల నవ్వాడు. “నోటిమాటనా? రత్నాకర్ సారు ఇంటే ఆడనే పానం ఇడుస్తడు. జ్ఞానమ్మంటే... కాలువ తూము పక్కన మడి, గా అవ్వనే గదా? పోయినేడు కోసిన. మామిడికాయ తొక్కేసి అన్నం పెట్టింది, తినేదాక మిషన్ ఎక్కనియ్యలే.” ఇంజను ఆపి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. “సరే అక్కా. ఇప్పుడే మిషన్ ఖరాబని నొక్కి పెడ్త. లేకుంటే నడుమ ఇంకోటి మీద పడ్తది. బేస్తారం పగటీలి రెండు దాటకముందు ఆమె గెట్టు మీదుంట.”

“బరాబర్ వస్తవా?”

“ఎకరంనర ఎంత పని అక్కా? గంటన్నర. వస్త.”

యశోద వచ్చి కూర్చుని, గురువారం మధ్యాహ్నం మిషన్ వస్తుందని జ్ఞానమ్మకు ఫోన్ చేసి చెప్పింది. అవతల ముసలామె ఏదో ప్రార్థన మొదలుపెట్టింది. నాలుగు లైన్లు ఎరుపెక్కి మోగుతున్నా యశోద ఆమెన్ దాకా విని పెట్టేసింది.

*

బుధవారం మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడు విని అందరూ లేచి నిలబడ్డారు. మదన్ మోహన్ సారు మోకాళ్ళ దాకా బురద. తెల్లప్యాంటు మీద బురద ఎండి బీటలు వారింది.

సారు పెద్దక్క లలితమ్మకు చెరువు వెనుక ఇరవై రెండు ఎకరాలు. పొద్దున టైర్ మిషన్ దిగింది. పది గజాలు పోయి పొట్ట దాకా కూరుకుపోయింది. రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే తాళ్ళు తెగాయి తప్ప మిషన్ కదల్లేదు. ఊరంతా గెట్ల మీద చేరి చూసిందట.

“మా అక్క నన్ను గెట్టు మీద నిలవెట్టి కడిగింది. ‘మిషన్లు పెట్టినవు, ఫోన్ల యాప్ పెట్టినవు, మడి తడుందో లేదో అడిగే తెలివి పెట్టలేదారా?’ అన్నది. పాలోళ్ళ ముందట.” సారు ఒక్కొక్కరి ముఖం చూశాడు. “గీ సంగతి ఇన్నొద్దులు నాకు ఎవ్వలు చెప్పలేదెందుకు?”

రత్నాకర్ ల్యాప్‌టాప్‌లో తలపెట్టాడు. కావ్య యశోద వైపు చూసింది.

“చెప్పినం సార్” అంది యశోద. “ఎనిమిదిసార్లు.”

“ఎనిమిదిసార్లు చెప్పుడు గాదమ్మా. సమజయ్యేటట్టు ఒక్కసారి చెప్పాలె.”

ఆ రోజు మక్కల డబ్బా తెరవలేదు. సారే నాలుగో గడిలోంచి కార్డు తీసి మొదటి గడిలో పెట్టి, దాని మీద బొటనవేలు నొక్కాడు. తెల్లటి అట్ట మీద మట్టి వేలిముద్ర పడింది. “రేపు పగటీలికల్ల కావాలె.”

“బ్యానర్ సార్?” కావ్య అడిగింది.

“గదీ కావాలె.”

తర్వాత చైన్ మిషన్ల సంగతి వచ్చింది. ఒకటి తూప్రాన్‌లో. “ఎల్లందేమో నిన్నటి సంది ఖరాబని చూపిస్తుంది సార్” అన్నాడు రత్నాకర్. సారు అక్కడే ఫోన్ కలిపి అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు.

“బేరింగ్ పోయింది సార్” అన్నాడు ఎల్లం. “మెకానిక్‌ను పట్టుకొచ్చిన. రేపు మాపటీలికి అయితదేమో.”

అతని మాట వెనుక, పూర్తిగా ఆగని ఇంజను గురగుర వినపడింది. మూడేళ్ళుగా రోజూ డ్రైవర్ల ఫోన్లు వింటున్న చెవికి అది తెలుస్తుంది. యశోద మైకు తీగను వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. సారు గమనించలేదు. “మెకానిక్ ముండాకొడుకును నిద్రపోనీయకు” అని పెట్టేశాడు.

రత్నాకర్ గోడబోర్డు దగ్గర నిలబడ్డాడు. అతనికి ఇప్పుడు హుషారొచ్చింది. “యశోదక్కా, కార్డు నీది. నువ్వే చెప్పాలె. తడి మడోళ్ళు ఇరవై మంది చైన్ మిషన్ అడిగిండ్రనుకో. మిషన్ ఒక్కటే. ముందు ఎవరికి?”

“ఎవరు ముందు అడిగితే వాళ్ళకు.”

“బస్సు సీట్ల కర్చీఫ్ ఏసినట్టా?” సారు అన్నాడు. అందరూ నవ్వారు.

“గట్ల గాదక్కా. దీనికి ఒక పద్ధతుంది. పెద్ద పెద్ద కంపెనీలన్ని గిదే చేస్తయి. తక్కువ కష్టానికి ఎక్కువ ఫాయిదా ఏదో గది ముందు.” బోర్డు మీద అడ్డగీత గీశాడు. “మీద ఎకరాలు. కింద మిషన్ పోవాల్సిన కిలోమీటర్లు. భాగించు. ఎవరి నంబరు పెద్దదో వాళ్ళు ముందు. మన తన లేదు. లలితమ్మ గారు ఇరవై రెండు ఎకరాలు, నాలుగు కిలోమీటర్లు. అయిదున్నర. ఇప్పుడొక చిన్న రైతు పేరు చెప్పక్కా, చూద్దాం.”

నోట్లో ఉన్న పేరే బయటికొచ్చింది. “జ్ఞానమ్మ. ఎకరంనర. పద్దెనిమిది కిలోమీటర్లు.”

రత్నాకర్ ఫోన్లో లెక్క చూసి రాశాడు. సున్నా పాయింటు సున్నా ఎనిమిది. రాసి, సుద్దముక్కతో ఆ సున్నా చుట్టూ మరో సున్నా చుట్టాడు. “చూసినవా, ఎంత క్లియర్‌గ ఉన్నదో.”

“గని సార్, పెద్ద మడోళ్ళకు దిక్కుంటది. నాలుగు రోజులాగినా...”

“అక్కా, నువ్వు ఓకే అంటేనే కావ్య రాసుడు మొదలుపెడ్తది. లేదంటే వచ్చే సోమవారం గింజలేసి మాట్లాడుకుందం. నీ ఇష్టం.”

బోర్డు, కార్డు మీద మట్టిముద్ర, సారు గడియారం. యశోద ఇటు చూసి అటు చూసింది. ఎనిమిదిసార్లు నాలుగో గడిలో పడ్డ కార్డు మొదటి గడిలో ఉంది. ఇప్పుడు కాదంటే ఇంకెన్నడు? జ్ఞానమ్మ పని ఎట్లాగూ ఈ వరసలో లేదు. అది నోటిమాట. రేపు రెండింటికల్లా ఎల్లం గెట్టు మీద ఉంటాడు. ఈ భాగారాలూ గీతలూ ఆ మడిని ఏం చేస్తాయి?

“ఓకే” అంది.

“పేరు రాయి” అని రత్నాకర్ కార్డు వెనక్కి తిప్పి పెన్ను ఇచ్చాడు. రాసింది.

*

గురువారం పొద్దున్నుంచే ఉక్క. చర్చి వైపు ఆకాశం ఇనుము రంగు తిరిగింది. యశోద ప్రతి అరగంటకూ కిటికీలోంచి చూసి వచ్చి కూర్చుంది. పదకొండుకు ఎల్లం ఫోన్: మిషన్ లారీ ఎక్కింది. పన్నెండున్నరకు ఇంకోటి: సగం దూరం వచ్చిన. ఒకటింబావుకు: “కుల్చారం దాటిన అక్కా. అవ్వ కనవడుతుంది దూరంకెళ్ళి. నెత్తిన తువ్వాల కట్టుకొని తూము మీద నిలవడ్డది. ఇంక పది నిమిషాలు.”

సరిగ్గా అప్పుడే కావ్య కుర్చీ ఇటు తిప్పింది. “అక్కా! నీ కార్డు లైవ్ అయింది!”

అందరూ చప్పట్లు కొట్టారు. రత్నాకర్ వీడియో తీయడానికి ఫోన్ లేపాడు. “మొదటి టిక్ అక్కతోనే పెట్టించాలె. కార్డు ఆమెది.”

తెర మీద కొత్త గడి. ‘మడి తడిగా ఉందా?’ మూడు ముక్కలు. ఎనిమిది సోమవారాలు పట్టిన మూడు ముక్కలు. యశోద కుర్చీ ముందుకు లాక్కుంది. ఎవరి పేరు మీద పెట్టాలని ఆలోచించనే లేదు. జ్ఞానమ్మ పేరు తెరిచి టిక్ పెట్టింది. దాని కింద ఇంకో గడి, మిషన్ నంబరు. నోటిమాట నోటిమాటే, తర్వాత ఎవరైనా అడిగితే ఎల్లానికి మాట రావద్దు. మిషన్ బాగైంది, పోయింది, కోసింది, అంతా పక్కాగా ఉండాలి. ఎల్లం మిషన్ నంబరు ఎంచి, సరే నొక్కింది.

మళ్ళీ చప్పట్లు.

నంబరు ఎంచగానే ఆ మిషన్ ఖరాబు జాబితాలోంచి ఖాళీ జాబితాలోకి వచ్చింది. ఖాళీ మిషన్ కనబడగానే యాప్, రత్నాకర్ పొద్దున్నే ఎక్కించి పెట్టిన తడి మడుల జాబితాలో జ్ఞానమ్మనూ కలిపి, తన కొత్త వరస తీసింది. ఎకరాలు మీద, కిలోమీటర్లు కింద. తెర ఒక్కసారి రెప్ప వేసింది. పైన లలితమ్మ, పక్కన ఎల్లం మిషన్. జ్ఞానమ్మ, పదిహేడు.

యశోద సొంత ఫోన్ మోగింది.

“అక్కా, ఏంది గిది? లలితమ్మ పటేలమ్మ మడికి పొమ్మని వచ్చింది!”

“పోకు తమ్మీ. ఆగు. ఆగు, తీసేస్త.” టిక్ మీద నొక్కింది. పోలేదు. మళ్ళీ నొక్కింది. “కావ్యా, ఇది తీసుడెట్ల?”

కావ్య తల అడ్డంగా ఊపింది. “తీసుడు రాయలేదక్కా. ఒక్కరోజే ఇచ్చిండ్రు గద. పెట్టుడే రాసిన. తీసుడు వచ్చే సోమవారం కార్డుల పెడ్దమని...”

యశోద రత్నాకర్ దగ్గరికి పోయింది. అతను వీడియో ఆపి తన తెర మీద మ్యాపు చూస్తున్నాడు. మిషన్‌కు కట్టిన జీపీఎస్ చుక్క కుల్చారం అవతల ఎర్రగా వెలుగుతోంది.

“బేరింగ్ పోయిన మిషన్ గాడికెట్ల పోయిందక్కా?” అన్నాడు మెల్లగా.

“అన్నీ తర్వాత చెప్త సార్. పది నిమిషాల దూరంల ఉన్నడు. ఎకరంనర. గంటన్నర పని. కోసి పోతడు. మీ కాళ్ళు మొక్కుత.”

“వాన వస్తుంది. గంటన్నరల అటు పక్క ఎంత కోస్తడో ఎరుకేనా? అక్కా, ఒక్కరి కోసం పక్కకు జరిపినమనుకో, ఇంక పద్ధతెందుకు? నువ్వే ఓకే అన్నవు. సంతకం కూడ పెట్టినవు.” అతని గొంతులో కోపం లేదు. పిల్లలకు ఎక్కం చెప్పే పంతులు గొంతు అది. “నీకు తప్పనిపిస్తే కార్డు రాయి. సోమవారం చూద్దాం.”

అప్పటికే సారు ఫోన్ చేశాడు, యశోదకు కాదు, ఎల్లానికి. లారీ తూము దగ్గరికి పోకుండానే వెనక్కి తిరిగింది.

“అవ్వ చెయ్యి ఊపుతుందక్కా” అన్నాడు ఎల్లం ఆఖరి ఫోన్లో. “నేను తొవ్వ తప్పిననుకొని, ఇటు ఇటు అని ఊపుతుంది. నీకు గా నంబరు ఎందుకు కొట్టబుద్ధయింది? నోటిమాట మీద వస్తుంటి గద.”

నాలుగింటికి గాలి లేచింది. గోదాము రేకుల మీద మొదట వడగళ్ళ రాళ్ళు పడ్డాయి, తర్వాత వాన. మాట వినబడక ఫోన్లు పక్కన పెట్టేశారు. లలితమ్మ మడిలో అప్పటికి రెండెకరాలు కోసింది మిషన్.

*

శుక్రవారం ఎల్లం ఆఫీసుకొచ్చి తాళంచెవి ఇచ్చి పోయాడు. చైన్ మిషన్ ఇంకొకరికి. అతనికి ఏ మిషనూ లేదు. యశోద మెట్ల దాకా పోయింది గానీ అతను వెనక్కి చూడలేదు.

తూప్రాన్ మిషన్ ఇంకా రాలేదు. వాన పడ్డాక మడులన్నీ తడి మడులే. పొద్దున్నుంచి నూరు టిక్కులు పడ్డాయి, నిన్నటి జాబితా అయ్యాకే వాటి వంతు. రత్నాకర్ సారుకు తెర తిప్పి చూపించాడు: “చూడుండ్రి సార్, ఇన్ని రోజులు గీ ఫీచర్ లేక ఎంత నష్టపోయినమో.” సారు యశోద వైపు తల ఊపి, “గిట్ల గట్టిగ అడగాలెనమ్మా” అన్నాడు. ఆ వారం గోడ మీది మెచ్చుకోలు పటంలో ఆమె ఫోటో పెట్టారు. యాప్ తెరిస్తే హర్షిత్ బాబు దండలతో నవ్వుతున్నాడు. రైతులు ఆయన్ను పక్కకు నెట్టి తర్వాత మిషన్ అడుగుతున్నారు.

పదకొండింటికి జ్ఞానమ్మ ఫోన్ చేసింది.

“వందనాలు బిడ్డా. పనిల ఉన్నవా?”

యశోద మైకు దగ్గరికి జరుపుకుంది. తిట్టు కోసం చూసింది. పొద్దున్నుంచి తిట్టనివాళ్ళు లేరు, ఈమె కూడా తిడితే బాగుండునని చూసింది.

“వరంత పండుకున్నది బిడ్డా. నీళ్ళల్ల. రాయి కొట్టినకాడ గింజే లేదు. ఉన్నది రేపటెల్లుండికి మొలకొస్తది. ఇగ దాంట్ల కోసేదేమున్నది? బర్లను తోలుకొమ్మని పక్కింటాయనకు చెప్పిన.”

“అవ్వా, నేను...”

“నీదేమున్నది బిడ్డా. నువ్వు మంచిగనే చెప్తివి. మిషనాయన పాపం తొవ్వ తప్పిపోయిండు. మల్ల వాన వట్టే.” కాస్త దగ్గి, తను అసలు ఫోన్ చేసిన సంగతి అడిగింది. “నా పేరు ఇంక లైన్ల ఉన్నదట గద? అది తీసెయ్యి. నా ఎనుక ఎవరో ఉంటరు. ఒక్క అడుగన్న ముందుకొస్తరు.”

పేరు తీసే మీట ఒకటి ఉంది. అది మొదటి రోజు నుంచీ ఉంది. యశోద నొక్కింది. పదిహేడు ఖాళీ అయి, పద్దెనిమిది పదిహేడయ్యాడు. బక్కయ్య, ఎకరం, టేక్మాల్ దగ్గర. వరసలో ముందుకొచ్చినవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలని ఆఫీసు నియమం. చేసింది.

“బక్కయ్యా, కోతబండి ఆఫీసు నుంచి. నీ నంబరు పదిహేడుకొచ్చింది.”

“వచ్చిందా!” ముసలి గొంతు పక్కన ఎవరికో కేకేసి చెప్పింది. “పద్దెనిమిదుండె గద పొద్దుగాల్ల? ఎవరన్న పోయిండ్రా బిడ్డా లైన్లకెళ్ళి?”

“పోయిండ్రు.”

“ఎవరోగని సల్లగుండాలె. నీ కడుపు సల్లగుండ. నా మడి జర గడ్డ మీదున్నది బిడ్డా, పండుకోలే ఇంక. రెండొద్దులల్ల మిషనొస్తే చారెడన్న చేతికొస్తది.” గొంతు తగ్గించాడు, పక్కవాళ్ళు వినకుండా. “నా ముందట ఇంక పదహారు మంది అంటవు. వాన మస్తు కొట్టింది గద. గిట్లనే ఇంకో పదిమంది పోతరు గదా? జర చూసి చెప్పు బిడ్డా.”

“చూస్త” అంది యశోద.

తెరను పైకి జరిపింది. పదహారు పేర్లు, పేరు పక్కన ఊరు, ఊరు పక్కన ఎకరాలు. చిన్న మడులవాళ్ళ మీద వేలు ఆపి ఆపి, ఎవరు పోయేటట్టున్నారో అని ఒక్కొక్క పేరే చూడసాగింది.